దీపాల వేళ తెరిచిన తలుపు

అగ్నిమాపక శాఖలో పనిచేసి విశ్రాంతి పొందినవాణ్ణి ఎవరు పలకరించినా, ఎంతమందిని కాపాడారని అడుగుతారు. ఆ లెక్క నేను పెట్టుకోలేదు. బయటపడ్డవారు తమ దారిన తాము వెళ్లిపోతారు. వారి ముఖాలు మనసున నిలువవు. నా మనసున నిలిచిపోయింది ఒక తలుపు. నిజామాబాదు పట్టణంలో, మార్కెట్ యార్డుకు వెళ్లే దారిలో, ఒక భవనం మెట్ల దగ్గర ఉండిన ఇనుప తలుపు. దాన్ని తెరిచి ఉంచిన ఒక వృద్ధురాలు తన భర్త మరణానికి తానే కారకురాలైందా, కాదా అన్నది నేను తేల్చి రాయవలసి వచ్చింది. ఈ కొలువులోకి కొత్తగా వస్తున్న మీ వంటివారు చదువుతారని ఆ సంగతి ఇక్కడ చెబుతున్నాను. ఇందులో సాహసమేమీ లేదు. తడిసిన గోనెల వాసన ఉన్నది, మసి ఉన్నది, ఆ ప్రశ్న ఉన్నది.

నా కొలువులో తొలి భాగం బోధన్ వైపు గడిచింది. అక్కడి నిప్పు తీరు వేరు. చెరకు తోట అంటుకున్నా, పిప్పి కుప్ప రాజుకున్నా, అది ఆకాశం కింద కాలేది. గాలి ఎటు వీస్తున్నదో చూచుకొని, మంట రాబోయే వైపున తోటను అడ్డంగా నరికించి ఒక ఖాళీ బాట తీయిస్తే సగం పని ముగిసేది. రుద్రూరు దిక్కు నుంచి రైతులు కొడవళ్లు పట్టుకొని పరుగున వచ్చేవారు. తమ చేతులతో పెంచిన పైరును తామే నరకవలసి వచ్చినందుకు కంట నీరు పెట్టుకుంటూనే నరికేవారు. మంటకూ మిగిలిన పంటకూ మధ్య కొంత శూన్యం ఉండాలి. ఆ శూన్యాన్ని మనమే కల్పించాలి. నా విద్యకు మొదటి పాఠం అదే.

పట్టణానికి బదిలీ అయి వచ్చిన తరువాత, ఇక్కడ ఆ శూన్యానికి చోటే లేదని తెలిసింది. నేల ప్రియమైపోవడం చేత కింద సరుకు, పైన సంసారం. అందుకే భవన నిబంధనలు ఆ ఖాళీ బాటకు బదులు గోడను అడుగుతాయి. గోడలో దారి కావాలంటే, రెండు గంటల పాటు మంటను ఆపగలిగి, వదలగానే తనంతట తాను మూసుకొనే తలుపును అడుగుతాయి. అంతటితో తృప్తిపడక, పైకప్పుకు నీటి గొట్టాలు వేయించి వాటికి స్ప్రింక్లర్లు బిగించమంటాయి. ఒక్కొక్క స్ప్రింక్లరు మూతికి చిన్న గాజుబుడ్డి అడ్డంగా ఉంటుంది. కింద వేడి పెరిగితే ఆ బుడ్డి పగిలి నీరు కురుస్తుంది. గోడ, తలుపు, నీరు: ఒకటి తప్పినా మరొకటి కాచుకుంటుందన్న ఆశతో పెట్టిన ఏర్పాటు అది.

నేను చెప్పే భవనంలో కింది అంతస్తు పసుపు గోదాము. మోర్తాడ్ చుట్టుపట్ల పండిన పసుపు అక్కడికి వచ్చి, డ్రమ్ములో మెరుగు పెట్టించుకొని, గోనెలకెక్కి బయటికి వెళ్లేది. పై అంతస్తుల్లో చదువుకొనే ఆడపిల్లల హాస్టలు. రెంజల్ దగ్గరి పల్లె నుంచి వచ్చిన ముసలి దంపతులు ఆ భవనానికి కాపలా. మెట్ల మొదట్లో ఉన్న చిన్న గదిలో వారి నివాసం. వారి గదికీ గోదాముకూ నడుమ, మెట్ల వైపున, నేను పట్టుబట్టి పెట్టించిన తలుపు.

స్ప్రింక్లర్ల విషయంలో యజమానికీ నాకూ చాలా వాదం నడిచింది. ఆయన మంచి మాటకారి.

"సారూ, పసుపుకు నీళ్లంటె సావే. ఒక్క బుడ్డి పగిలిందంటె అన్ని బుడ్లు పగుల్తయి. నా సరుకంత ముద్దయితది. నిప్పుల పోయేదాని కంటె మీ నీళ్లల్ల పోయేదే ఎక్కువుంటది" అన్నాడు.

"అన్ని ఒక్కసారి పగలవు సేటూ. ఏ బుడ్డి కింద మంట ఉంటె గదే పగుల్తది."

"సినిమాలల్ల అన్ని ఒక్కసారే కురుస్తయి గద సారు!"

నా వెంట ఉన్న లీడింగ్ ఫైర్‌మన్ ఊరుకోలేదు. బోధన్ రోజుల నుంచి నాతో కలిసి పనిచేసినవాడు, నోటి దురుసుకు పేరు మోసినవాడు. "సినిమాల హీరోయిన్ తడ్వాలె గద సేటు, గందుకే అన్ని కురిపిస్తరు. గీడ తడ్సేటందుకు నువ్వే ఉన్నవు. నిన్ను చూసెటందుకు టికెటు ఎవలు కొంటరు?" అన్నాడు. యజమాని కూడా పకపక నవ్వాడు. నవ్వుతూనే గొట్టాలు వేయించాడు. మా కళ్లముందు నీరు పారించి చూపించాడు. మేము నిరభ్యంతర పత్రం ఇచ్చాము.

ఆ తరువాత తనిఖీకి వెళ్లినప్పుడల్లా తలుపు మూసి ఉండేది, నీటి వాల్వు తెరిచి ఉండేది. మేము వెళ్లేది ఎప్పుడూ పొద్దున పూటే. కార్యాలయపు పనులన్నీ పూర్వాహ్నంలో ముగించడం మాకు తరతరాల అలవాటు. మేము తిరిగి వెళ్లగానే వాల్వు చక్రం మళ్లీ బిగుసుకొనేదని మాకు తెలియదు. పొద్దుగూకే వేళ ఆ తలుపు ఏ స్థితిలో ఉంటుందో మాలో ఎవ్వరమూ చూచి ఉండలేదు.

మన ఇండ్లలో దీపాలు పెట్టే వేళకు తలుపులు మూసి ఉంచరు. లక్ష్మి లోనికి వచ్చే సమయమని మన తల్లులు వాకిలి తీసి పెడతారు. నేను పుట్టి పెరిగిన ఇంట్లోనూ అదే ఆచారం. పసుపు నిండిన గోదామంటే మామూలు ఇల్లు కూడా కాదు, సాక్షాత్తూ ఆమె మందిరమే. అయితే సాయంకాలం హమాలీలు వెళ్లిపోగానే వీధివైపు షట్టరు దించి తాళం వేసేవారు. ఇక లోనికి మిగిలిన దారి ఒక్కటే, మెట్ల వైపు ఇనుప తలుపు. ముసలమ్మ దినమూ సంధ్యవేళ ఆ తలుపును వెనక్కి తెరిచి గోడకు ఆనించి, మూసుకుపోకుండా ఒక ఇటుకను అడ్డం పెట్టేది. పక్కనున్న గూట్లో ప్రమిద వెలిగించేది. దీపం కొండెక్కిన తరువాత ఇటుక తీసివేసేది. పగలంతా, రాత్రంతా నిబంధన ప్రకారం మూసి ఉండే తలుపు సంధ్యవేళ మాత్రం లక్ష్మి కోసం తెరిచి ఉండేది.

గోదాము అంటుకున్నది ఆ వేళలోనే.

మేము చేరేసరికి వీధి దీపాలు అప్పుడప్పుడే వెలుగుతున్నాయి. పై అంతస్తు కిటికీల నుంచి దట్టమైన పొగ వెలువడుతున్నది. పసుపు కాలిన వాసన మీరెన్నడైనా చూచి ఉంటారో లేదో. వంటింటి వాసన, పూజగది వాసన కలిసి కుళ్లినట్లుగా ఉంటుంది. ఆ రోజు తరువాత చాలాకాలం మా ఇంట్లో తాలింపు వేస్తుంటే నేను లేచి బయటికి పోయేవాణ్ణి.

పిల్లలంతా భవనం వెనుక ఉన్నారు. వెనుకవైపు ఒక ఇనుప మెట్లదారి ఉన్నది, దానిగుండా దిగివచ్చారు. దగ్గుతున్నారు, ఏడుస్తున్నారు, కాని బతికి ఉన్నారు. ముందువైపు వీధిలో ముసలమ్మ నిలబడి ఉన్నది. నన్ను చూడగానే నా చొక్కా చెయ్యి పట్టుకున్నది.

"సారూ, ముసలోడు పైనున్నడు. తాళంచెవి తీస్కపోయిండు. పిల్లలు దిగిండ్రు, గాయన దిగలే" అన్నది.

ఆడపిల్లల హాస్టలు కావడం చేత వెనుక మెట్ల తలుపుకు పై అంతస్తులో తాళం వేసి ఉంచేవారట. తాళంచెవి ముసలాయన మొలతాడుకు ఉండేది. పొగ మెట్లగుండా పైకి ఎగబాకుతుంటే, ఆయన ఆ పొగలోనే మెట్లెక్కి వెళ్లి తాళం తీశాడు. పిల్లలందరినీ తనకు ముందుగా దింపాడు. ఊపిరి తొడుగులు వేసుకొని పైకి వెళ్లిన మావాళ్లకు ఆయన ఆ తలుపు పక్కనే గోడకు ఆనుకొని కూర్చున్నట్లు కనిపించాడు. తాళం తీసిన చెవి తాళంలోనే ఉన్నది. భుజాన వేసుకొని దింపి ఆసుపత్రికి పంపాము. ఆయన తిరిగి రాలేదు.

మంట ఆరిన మరునాడు ఉదయం మా లీడింగ్ ఫైర్‌మన్, నేను గోదాములోకి వెళ్లాము. నిప్పు తాను పుట్టిన చోటును దాచలేదు. అది ఎక్కువసేపు నిలిచిన చోట గోడకు పట్టిన మసి కూడా కాలిపోయి ఇటుక తెల్లబడుతుంది. అటువంటి తెల్లని మచ్చ అవతలి చివరన, మెరుగు పెట్టే డ్రమ్ము స్విచ్చుబోర్డు మీద ఉన్నది. అక్కడ తీగెలు కరిగి ముద్దకట్టి ఉన్నాయి. అక్కడి నుంచి మెట్ల వైపు వచ్చేకొద్దీ కాలిన గుర్తులు తగ్గుతూ వచ్చాయి. నీటి వాల్వు పూర్తిగా మూసి ఉన్నది. బుడ్లు పగిలిన స్ప్రింక్లర్ల మూతులు ఎండిపోయి ఉన్నాయి.

చివరకు తలుపు దగ్గరకు వచ్చాము. దానికి ఒకవైపు మసి పట్టింది. గోడకు ఆని ఉన్న వైపు రంగు చెక్కుచెదరలేదు, కొత్తదానివలె మెరుస్తున్నది. కింద ఇటుక. రెండు గంటలు మంటతో పోరాడగల తలుపు అది. దానికి ఆ అవకాశమే దక్కలేదు.

మా లీడింగ్ ఫైర్‌మన్ ఆ ఇటుక దగ్గరకు వెళ్లి వంగి చూచాడు. ఆ రోజు అతని నోట పరిహాసం లేదు.

"సార్, ఒక్క మాట చెప్పనా? తలుపు మూసే ఉండెనని రాస్తె ఏమయితది?"

"మూసి ఉంటె పొగ పైకి ఎట్ల పోయిందంటరు?"

"తలుపే మంచిగ లేకుండె, సందులకెల్లి పొగ పోయిందని రాయున్రి. తలుపుకు నోరు లేదు గద సార్. అవ్వకు ఇగ ఎవలున్నరు?"

ఆ మాట నా గుండెకు తాకింది. రాయడం తేలికే, అడిగేవారు లేరు. కాని ఆ తలుపు పనిచేయలేదని నేనే రాస్తే, దాన్ని చదివి సంతోషించేవారు పట్టణంలో చాలామంది ఉన్నారు. తలుపు ఎందుకండీ, ఉన్నా ఆపలేదు కదా అని నా రాతనే నా ముందు పెడతారు. ఒక అవ్వను తప్పించడానికి నేను ఆడిన అబద్ధం ఏ మెట్ల మీదనో, ఎవరి పిల్లలనో పట్టుకుంటుంది. "ఉన్నదే రాయాలె. కని ఉన్నదంత రాయాలె. సగం రాయొద్దు" అన్నాను. అతడు ఇటుకను కాలితో ఒకసారి కదిలించి, మళ్లీ ఉన్నచోటికే జరిపాడు.

ఆ పూటే విచారణకు రెవెన్యూ అధికారి, పోలీసు ఇన్‌స్పెక్టరు వచ్చారు. యజమాని వచ్చాడు. ఆయన తల్లి కూడా కారులో వచ్చింది, ముసలమ్మను పరామర్శించడానికని. ముసలమ్మ అంతకు ముందే వచ్చి మెట్ల మొదట్లో కూర్చున్నది. ఆమె గదిలో మిగిలిన సామానంతా ఒక మూటలో ఆమె పక్కనే ఉన్నది.

యజమాని ముందుగా అందుకున్నాడు. "నేను మొత్తుకుంటనే ఉన్న సారు, గోదాం కాడ దీపం పెట్టకు అని. ముసల్ది ఇన్నదా? దీపం అంటుకొనె, గోనెలు కాలె. మొగణ్ణి సంపుకొనె, నన్ను ముంచె."

నేను వారిని గూటి దగ్గరకు తీసుకువెళ్లాను. ప్రమిద ఒరగలేదు. పెట్టింది పెట్టినట్లే ఉన్నది, చుట్టూ నూనె మరక కూడా లేదు. అక్కడి నుంచి స్విచ్చుబోర్డు దాకా నడిపించి తెల్లబడిన గోడను చూపించాను. తరువాత వాల్వు దగ్గర ఆగాను.

"ఈ చక్రం ఎవరు బిగించిండ్రు సేటూ?"

"జర కారుతుండె సారు. బస్తాల మీద సుక్కలు పడుతుండె. గందుకే..."

అప్పుడు ఇన్‌స్పెక్టరు ముసలమ్మ వైపు తిరిగాడు. "అవ్వా, ఈ తలుపు ఎవలు తెరిచిండ్రు?"

"నేనే సారు."

"ఎందుకు?"

"దీపాల యాల్ల లచ్చిమి వస్తది గద. షట్టరు దించుతరు. ఇగ ఏడికెల్లి వస్తది? గందుకే గీ తలుపు తీసి ఇటుక పెడ్త. దీపం కొండెక్కినంక ఇటుక తీస్త."

"మూసి ఉంచాలెనని బోర్డు ఉన్నది గద?"

"ఉన్నది సారు. పొద్దంత మూసే ఉంటది. గింతసేపట్ల ఏమయితది అనుకున్న."

యజమాని వెంటనే అందుకున్నాడు. "ఇన్నరా సారు? ఆమె నోటితోనే ఒప్పుకున్నది. రాసుకోండ్రి."

ఇన్‌స్పెక్టరు రాయబోతుండగా వెనుక నుంచి ఒక గొంతు వినిపించింది. "ఏం ఒప్పుకున్నది రా?" యజమాని తల్లి కారు దిగి, గోడ పట్టుకొని, తడి నేల మీద జాగ్రత్తగా అడుగులు వేస్తూ లోపలికి వచ్చింది. "గోదాంల పసుపు దించిన తొలినాడు ఆమెను పిలిచి చెప్పింది నేను. పసుపున్న ఇల్లు దీపాల యాల్ల మూసి ఉండొద్దు అని. నువ్వు పక్కకే ఉంటివి. ఒక్కనాడన్న వద్దన్నవా?"

"అమ్మా, నువ్వు కార్ల కూసో."

"కూసుంట తియ్యి. చెప్పినంక కూసుంట. సారూ, గా మాట గూడ రాయున్రి. తెరువుమన్నది నేను. తెరుస్తుంటె చూసి ఊకున్నది వీడు."

యజమాని ముఖం చూడలేకపోయాను. ఇన్‌స్పెక్టరు కలం ఆపి, మళ్లీ రాయసాగాడు. ముసలమ్మ మీద పడబోయిన నేరం తొలగిపోయిందని నాకు ఆ క్షణాన అర్థమైంది. ఒక్క ఊపిరి పాటు సంతోషించాను కూడా. కాని ముసలమ్మ తల ఎత్తి ఆ తల్లి వైపు చూచింది. ఆ చూపులో కృతజ్ఞత లేదు, నిష్ఠూరమూ లేదు.

"ఎవలు చెప్తేంది పెద్దమ్మా. ఇటుక పెట్టిన చెయ్యి నాది" అన్నది.

మా లీడింగ్ ఫైర్‌మన్ వచ్చి ఆమె మూట ఎత్తుకున్నాడు. బస్సు దాకా తానే తీసుకువెళ్లి దిగబెట్టాడు.

నేను ఉన్నదంతా రాశాను. స్విచ్చుబోర్డు, వాల్వు, వెనుక మెట్లకు వేసిన తాళం, ఇటుక, ఆ ఇటుక వెనుక ఉన్న ఇంటి పెద్దల ఆజ్ఞ. దీపం నిర్దోషి అని వేరుగా రాశాను. నీరు పారి ఉంటే తెరిచిన తలుపు అంత ప్రాణాంతకం కాకపోవునని, తలుపు మూసి ఉంటే నీరు లేకపోయినా ఆ ముసలాయన మెట్లు దిగి ఉండేవాడని రాశాను. ఆమె మీద కేసు పెట్టలేదు. యజమాని మీద పెట్టిన కేసు నేను పదవీ విరమణ చేసేనాటికీ నడుస్తూనే ఉన్నది. నా నివేదికను ప్రశంసించినవారు అనేకులు. చదివినవారు ఎందరో నాకు తెలియదు.

ఆ తరువాత నేను నా పద్ధతి ఒకటి మార్చుకున్నాను. తనిఖీలకు సంధ్యవేళ వెళ్లడం మొదలుపెట్టాను. మీరు నమ్మరు, పట్టణంలో ఎన్ని మెట్ల తలుపులు ఆ వేళకు తెరుచుకొనేవో! ఒకచోట ఇటుక, మరొకచోట రోలు, ఇంకొకచోట నిండు గ్యాస్ సిలిండరే అడ్డం. మొదట్లో తీయించి మందలించి వచ్చేవాణ్ణి. నేను వీధి మలుపు తిరిగేలోగా మళ్లీ పెట్టేవారు. జరిమానాతో ఆచారం ఆగదని తెలిసిన తరువాత వేరే దారి వెతికాను. తలుపును తెరిచి పట్టుకోవడానికి గోడకు ఒక విద్యుత్ అయస్కాంతం బిగిస్తారు. పొగను పసిగట్టే పరికరం మోగగానే కరెంటు తెగి అయస్కాంతం పట్టు విడుస్తుంది, తలుపు తనంతట తాను మూసుకుంటుంది. పెద్ద ఆసుపత్రులలో అది ఉన్నదే. దాన్ని పసుపు గోదాములకు తెచ్చాము, అంతే. మా లీడింగ్ ఫైర్‌మన్ దానికి తనదైన వివరణ ఇచ్చేవాడు. "లచ్చిమికి తెరుస్తది, పొగకు మూస్తది. గంత తెలివిగల్ల తలుపు" అని ప్రతి యజమానికీ చెప్పేవాడు. కొందరు పెట్టించారు.

కాలిన భవనం చేతులు మారింది. కొత్త యజమాని బాగుచేయించి, స్ప్రింక్లర్లు మార్పించి, మెట్ల తలుపుకు ఆ అయస్కాంతం కూడా పెట్టించాడు. పరీక్ష చేసిననాడు నేను దగ్గరుండి పొగ పెట్టించాను. అయస్కాంతం టక్కుమని విడిచింది. తలుపు మెల్లగా వచ్చి, ఎవరో నెట్టినట్లుగా, చట్రంలో కూర్చున్నది. చుట్టూ ఉన్నవారు చప్పట్లు కొట్టారు. నాకు వెంటనే ఆ ముసలమ్మకు ఈ మాట చెప్పాలనిపించింది. ఎందుకనిపించిందో ఇప్పటికీ సరిగా చెప్పలేను. తప్పు తలుపు తెరవడంలో లేదు, దాన్ని మూయగల ఉపాయం మేము పెట్టకపోవడంలోనే ఉన్నదని ఆమె నాతో అంటే బాగుండునని ఆశపడ్డానేమో.

పదవీ విరమణ చేసిన తరువాత ఒకనాడు రెంజల్ దాటి వారి పల్లెకు వెళ్లాను. బస్సు ఆలస్యం కావడం చేత ఊరు చేరేసరికి పొద్దు గుంకింది. వీధి పొడుగునా ఇంటింటా తలుపులు తెరిచి ఉన్నాయి. గడపల పక్కన చిన్న చిన్న వెలుగులు. ఎవరినో అడిగి, వీధి చివరి ఇంటి ముందు ఆగాను. అది ఒక్కటే మూసి ఉన్నది. తలుపు సందులోంచి సన్నని పసుపుపచ్చని గీత బయటికి పడుతున్నది.

తట్టాను. ఆమె తలుపు తీసి నన్ను గుర్తుపట్టింది. లోపలికి రమ్మని, నేను రాగానే మళ్లీ మూసింది. గూట్లో దీపం వెలుగుతున్నది. ఇద్దరమూ కూర్చున్నాము. అయస్కాంతం సంగతి, కొత్త తలుపు సంగతి వివరించాను. ఆమె శ్రద్ధగా విన్నది.

"మంచిగ చేసిండ్రు సారు. గా పిల్లలకు భయముండదు."

అప్పుడు అడిగాను. "అవ్వా, ఊరంత తలుపులు తీసిండ్రు. నువ్వు దీపం పెట్టి తలుపు ఏస్కున్నవేంది?"

"దీపం మానొద్దు గద సారు, గాయన పేరు మీద పెడ్తున్న" అని, మూసిన తలుపు వైపు చూచింది. "తెరిస్తె ఎవలొస్తరో చూసిన గద. ఇగ చాలు."

తలుపు మూసి ఉంచండి, తలుపు మూసి ఉంచండి అని కొలువున్నంత కాలమూ ఊరూరా చెప్పినవాణ్ణి. ఆ సాయంకాలం ఆ ఒక్క తలుపు తెరువుమని చెప్పడానికి నాకు నోరు రాలేదు. దీపం కొండెక్కేదాకా ఆమె ఎదుటే కూర్చున్నాను. తరువాత లేచి, బయటికి వచ్చి, నా చేతితోనే ఆ తలుపును దగ్గరికి లాగి మూశాను.